హరిత భవన ధ్రువీకరణకు నిర్మాణ సామగ్రి ఎంపిక: బెళుగుప్ప ప్రాంతం

ఒక కట్టడం స్థలం, నీరు, విద్యుత్తు, సామగ్రి, లోపలి గాలి వంటి విషయాల్లో నిర్దిష్ట ప్రమాణాలను అందుకుందని స్వతంత్ర సంస్థ లెక్కలు పరిశీలించి ఇచ్చే గుర్తింపే హరిత భవన ధ్రువీకరణ. ఇందులో సామగ్రి ఎంపికకు ప్రత్యేక స్థానం ఉంది. దీపాలు, పంకాలు, మోటార్లు తర్వాత మార్చుకోవచ్చు. పునాది, గోడ, కప్పు మాత్రం ఒకసారి కట్టాక తరాల పాటు అలాగే ఉంటాయి. వాటిని తవ్వి, కాల్చి, మోసుకురావడంలో ఖర్చయిన ఇంధనం ఇల్లు కట్టకముందే ఖర్చయిపోతుంది. దీన్ని అంతర్నిహిత శక్తి అంటారు. అనంతపురం జిల్లా బెళుగుప్ప వంటి కరవు మెట్టలో ఈ ఎంపికకు ఇంధనంతో పాటు నీరు, ఎండ కూడా హద్దులు గీస్తాయి.

ప్రాంతం, నేల, రాయి

బెళుగుప్ప అనంతపురం జిల్లాలో ఉరవకొండ, కళ్యాణదుర్గాల మధ్య ఉన్న మండల కేంద్రం. పడమటి కనుమలు నైరుతి వానలను అడ్డుకోవడం వల్ల, తూర్పు తీరం దూరం కావడం వల్ల ఈ జిల్లాకు రెండు రుతుపవనాల్లోనూ వాటా తక్కువే. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వేరుశనగ ప్రధాన పంట. హంద్రీ–నీవా సుజల స్రవంతి పథకంలోని జీడిపల్లి జలాశయం ఈ మండలంలోనే ఉంది. గాలి బలంగా వీచే ఈ మెట్టల మీద గాలిమరలు విస్తారంగా వెలిశాయి.

నేల కింద ఉన్నది ద్వీపకల్పపు ప్రాచీన నైస్, గ్రానైటు శిలలు. వాటిని చీల్చుకుంటూ నల్లరాతి డైకులు (పొడవాటి శిలా పట్టీలు) సాగుతాయి. పైన పలుచని ఎర్రనేలలు, అక్కడక్కడ నల్లరేగడి. తూర్పున తాడిపత్రి దగ్గర కడప శిలాశ్రేణి మొదలై సున్నపురాయి, నాపరాయి దొరుకుతాయి. సిమెంటు కర్మాగారాలు అక్కడే ఉన్నాయి. వాయవ్యాన బళ్ళారి జిల్లా తోరణగల్లులో జేఎస్‌డబ్ల్యూ ఉక్కు కర్మాగారం ఉంది. కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదను ఇస్తుంది. రాయి, మట్టి, నాపరాయి, సిమెంటు, ఉక్కు, ఉక్కు తయారీ ఉపఉత్పత్తి అయిన స్లాగు, బూడిద ఇలా పొరుగునే దొరికే పల్లెలు చాలా ప్రాంతాల్లో ఉండవు.

పాత కట్టడాలు

రాయలసీమ పల్లెల్లో పేరున్న ఇల్లు మిద్దె. అడుగున్నర మందపు రాతి గోడ, దాని మీద వేప, తుమ్మ దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి, మట్టి తొక్కి, చివర చౌడు పోసేవారు. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే దాని సన్నని రేణువులు విడిపోయి రంధ్రాలను మూసేస్తాయి, నీరు కిందికి దిగదు. వానకాలం ముందు కొత్త చౌడు వేయడం ఏటా జరిగే పని. వెలుతురుకు, పొగ పోవడానికి కప్పులో గవాక్షి ఉండేది. పేదలకు బోదగడ్డి కప్పిన కొట్టాలు ఉండేవి. సంపన్నుల ఇళ్లలో, కోటల్లో, గుళ్లలో గానుగలో నూరిన సున్నం వాడేవారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని లేపాక్షి గుడి, గుత్తి, పెనుకొండ, రాయదుర్గం కోటలు ఇక్కడి రాయి ఆయుష్షుకు నేటికీ సాక్ష్యం.

ఈ ఇళ్లకు లోపాలు ఉన్నాయి. చౌడు మిద్దె బరువు ఎక్కువ. దూలానికి చెద పట్టినా, ముసురు రోజుల తరబడి పట్టినా కూలే ప్రమాదం ఉంది. అయితే అవి పక్క ఊరి సామగ్రితో కట్టినవి. పడగొట్టినా రాయి, దూలం, తలుపు మళ్లీ పనికి వచ్చేవి, మట్టి మట్టిలో కలిసేది. నేటి ధ్రువీకరణ వ్యవస్థలు కోరుతున్న గుణాల్లో చాలా భాగం ఇవే.

రేటింగు వ్యవస్థలు

భవనాల పర్యావరణ రేటింగు 1990లో బ్రిటన్‌లో బ్రీయామ్‌తో మొదలైంది. 1993లో ఏర్పడిన అమెరికా హరిత భవన మండలి లీడ్ రేటింగును తెచ్చింది. భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) 2001లో భారత హరిత భవన మండలి (ఐజీబీసీ) స్థాపించింది. దాని కేంద్రం హైదరాబాదులో ఉంది. సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అనే మెట్లలో అది గుర్తింపు ఇస్తుంది. ఇళ్లకు, తక్కువ ధర గృహాలకు, గ్రామాలకు వేర్వేరు రేటింగులు ఉన్నాయి. ఇంధన పరిశోధన సంస్థ టెరి, కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చిన ‘గృహ’ అనే రేటింగు 2007లో జాతీయ రేటింగుగా స్వీకరణ పొందింది. ఇది ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తుంది. చిన్న కట్టడాలకు స్వగృహ అనే సులభ రూపం ఉంది. పల్లె బడి, ఆరోగ్య కేంద్రం, హాస్టలు వంటి వాటికి ఇది దగ్గరగా ఉంటుంది. అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఐఎఫ్‌సీ) రూపొందించిన ఎడ్జ్ పద్ధతిలో విద్యుత్తు, నీరు, సామగ్రి మూడింటిలోనూ కనీసం 20 శాతం చొప్పున ఆదా చూపాలి.

వీటికి తోడు కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో నివాస గృహాల కోసం ఎకో నివాస్ సంహిత మొదటి భాగాన్ని విడుదల చేసింది. కప్పు గుండా ప్రసరించే వేడి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు మించరాదని అది హద్దు పెట్టింది. పైన ఏ పూతా లేని సాధారణ కాంక్రీటు స్లాబు ఈ హద్దును ఎంతో దాటిపోతుంది.

సామగ్రిని తూచే కొలతలు

రేటింగులు వేరైనా సామగ్రిని చూసే కొలతలు దాదాపు ఒకటే. మొదటిది స్థానికత. ఐజీబీసీ కొత్త భవనాల రేటింగు 400 కిలోమీటర్లలోపు దొరికిన సామగ్రిని స్థానికంగా లెక్కిస్తుంది. లీడ్ నాలుగో రూపంలో ఈ దూరం 160 కిలోమీటర్లే. తాడిపత్రి, తోరణగల్లు రెండూ బెళుగుప్పకు ఈ కఠినమైన హద్దులోపే ఉన్నాయి.

రెండోది పునర్వినియోగ పదార్థం. వాడి పారేసిన వస్తువు నుంచి వచ్చిన భాగాన్ని లీడ్ పూర్తిగా లెక్కిస్తుంది. కర్మాగారపు ఉపఉత్పత్తి అయిన బూడిద, స్లాగు వంటి వాటిని సగంగా లెక్కిస్తుంది. మూడోది పాత సామగ్రిని ఉన్నదున్నట్టుగా మళ్లీ వాడటం. నాలుగోది కలప మూలం: బాధ్యతగా సాగుచేసిన అడవిదని పత్రం ఉండాలి. ఐదోది రంగులు, జిగుర్లు వదిలే విషవాయువులు. ఆరోది ఉత్పత్తి జీవితచక్రం మీద తయారీదారు ఇచ్చే పర్యావరణ ప్రకటన. సీఐఐ ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్ర మనదేశంలో హరిత ఉత్పత్తులకు గుర్తింపుగా వాడుకలో ఉంది.

గోడలు

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన అస్త్ర కేంద్రం గ్రామీణ నిర్మాణాల మీద దీర్ఘకాలం పనిచేసింది. ఆ సంస్థకు చెందిన బి.వి. వెంకటరామ రెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో ప్రచురించిన లెక్కలు నేటికీ ప్రామాణికం. కాల్చిన ఇటుక ఒక్కటి 4.25 మెగాజౌళ్ల శక్తిని తింటుంది. అంతకంటే ఎంతో పెద్దదైన, 6 శాతం సిమెంటు కలిపిన మట్టి బ్లాకుకు 2.60 మెగాజౌళ్లే చాలు. చేత్తో చెక్కిన రాతి దిమ్మెకు తయారీ శక్తి దాదాపు సున్నా. మొత్తం కట్టడం తీసుకుంటే కాంక్రీటు స్తంభాల మధ్య ఇటుక గోడలు కట్టిన బహుళ అంతస్తుల భవనానికి చదరపు మీటరుకు 4.21 గిగాజౌళ్లు పడుతుంది. గోడలే బరువు మోసే సంప్రదాయ రెండంతస్తుల ఇటుక ఇంటికి 2.92, మట్టి బ్లాకులు, ఫిల్లర్ స్లాబుతో (దీని వివరం కప్పుల దగ్గర) కట్టిన రెండంతస్తుల ఇంటికి 1.61 గిగాజౌళ్లు చాలు.

రాయి: అనంతపురం మెట్టలో పునాదికి, గోడకు మొదటి ఎంపిక కావలసింది సైజు రాయి. చదునుగా కొట్టిన రాయికి అతుకు సన్నగా ఉంటుంది, సిమెంటు తక్కువ పడుతుంది. పూత అక్కరలేదు. రాయి వేడిని తేలికగా ప్రసరింపజేస్తుంది కాబట్టి దాని బలమంతా మందంలోనే ఉంది. మందపు గోడ పగటి వేడిని లోపలికి చేర్చేసరికి సాయంత్రం అవుతుంది. రాత్రి కిటికీలు తెరిస్తే ఆ వేడి బయటికి పోతుంది. వరండా, చూరు నీడ తోడైతేనే రాతి గోడ నిజంగా చల్లగా ఉంటుంది. రాతిపొడి పీల్చిన కార్మికులకు సిలికోసిస్ వస్తుంది. తరతరాలుగా బండ కొట్టిన వడ్డెర కుటుంబాలు ఈ భారం మోశాయి. అనుమతి ఉన్న క్వారీ, తడిపి కోయడం, ముఖానికి రక్షణ లేకుండా వచ్చిన రాయిని హరితమనడం న్యాయం కాదు.

మట్టి: ఎర్రనేలలో ఉండే కెయోలినైటు బంకమట్టి తడికి పెద్దగా ఉబ్బదు. అందుకే అది సిమెంటు కలిపిన మట్టి బ్లాకులకు అనువైనది. బంక ఎక్కువైతే క్వారీ పొడి కలిపి సరిచేస్తారు. 6 నుంచి 8 శాతం సిమెంటు వేసి, ప్రెస్సులో ఒత్తి, మూడు నాలుగు వారాలు తడి ఆరకుండా ఉంచుతారు. బట్టీ అక్కరలేదు. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు పగుళ్లిస్తుంది, దానికి సున్నం కావాలి. ఈ బ్లాకులకు భారతీయ ప్రమాణం (ఐఎస్) 1725 ఉంది. పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ భూనిర్మాణ సంస్థ ఈ పద్ధతిలో శిక్షణ ఇస్తుంది. మట్టి తీసేటప్పుడు పైన ఉన్న సాగు పొరను పక్కకు తీసి, పని అయ్యాక తిరిగి పరచాలి. పునాది, ఇంకుడుగుంత తవ్వగా వచ్చిన మట్టిని వాడితే మరీ మంచిది.

ఇటుకలు: కాల్చిన ఇటుక పొలం పైమట్టిని, కట్టెలను మింగుతుంది. నేల పలుచగా, చెట్లు అరుదుగా ఉన్న ఈ మెట్టకు అది అన్నిటికన్నా ఖరీదైన వస్తువు. బూడిద ఇటుకకు ఐఎస్ 12894 ప్రమాణం ఉంది, కాల్చాల్సిన పని లేదు. కడప జిల్లా నుంచి తేవాలి కాబట్టి రాయి, మట్టి చాలని చోట్ల దానిది రెండో స్థానం.

సిమెంటు, సున్నం

సిమెంటుకు మూలమైన క్లింకరు తయారీలో సున్నపురాయి విడిపోయినప్పుడు కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. బొగ్గు మంట దానికి అదనం. అందువల్ల ఇంధనం మార్చితే సరిపోదు, క్లింకరే తగ్గాలి. బూడిద కలిపిన పీపీసీ సిమెంటులో బూడిద 15 నుంచి 35 శాతం, స్లాగు కలిపిన పీఎస్‌సీలో స్లాగు 25 నుంచి 70 శాతం ఉండవచ్చు. ఉక్కు కర్మాగారం పొరుగున ఉన్న బెళుగుప్పకు స్లాగు సిమెంటు సహజమైన ఎంపిక. సున్నపురాయి పొడి, కాల్చిన బంకమట్టి కలిపిన ఎల్‌సీ3 సిమెంటుకు 2023లో ఐఎస్ 18189 ప్రమాణం వచ్చింది. ఇందులో క్లింకరు సగానికి తగ్గుతుంది. బూడిద, స్లాగు కలిపిన సిమెంట్లు నెమ్మదిగా గట్టిపడతాయి. వాటికి ఎక్కువ రోజులు తడి కావాలన్న మాటను మేస్త్రీకి ముందే చెప్పాలి.

గోడ అతుకులకు, పూతకు సున్నం మేలు. మరమ్మతు సులభం, రాయిని విడదీసి మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటు పట్టిన రాయి శుభ్రంగా ఊడి రాదు. ఇప్పుడు గానుగ సున్నం తెలిసిన బేల్దారులు తగ్గిపోతున్నారు. ఆ పని నేర్పించడం కూడా సామగ్రి ఎంపికలో భాగమే.

నీరు, ఇసుక

ఒక ఘనమీటరు కాంక్రీటు కలపడానికే 150 నుంచి 200 లీటర్ల నీరు కావాలి. క్యూరింగుకు, అంటే తడి ఆరకుండా ఉంచడానికి, పోసేది దీనికి అదనం. తాగునీటికి బోరు మీద ఆధారపడే పల్లెలో ఈ లెక్క పక్కన పెట్టకూడదు. తడిపిన గోనెలు కప్పడం, స్లాబు మీద మడులు కట్టి నీరు నిలపడం, పొద్దు వాలాక తడపడం వల్ల వృథా తగ్గుతుంది. బోరునీటిలో లవణాలు ఎక్కువగా ఉండే చోట పరీక్ష తప్పనిసరి. ఐఎస్ 456 ప్రకారం ఇనుప చువ్వల కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే చువ్వ తుప్పు పట్టి, కట్టడం ఆయుష్షు తగ్గుతుంది.

పెన్నా, వేదవతి, చిత్రావతి నదుల ఇసుక వాననీటిని పట్టి ఒడ్డు బావులకు అందించే నిల్వ. ఆ ఇసుకను తీస్తే బావి ఎండుతుంది. ఈ జిల్లాలో క్వారీల రాతి వ్యర్థం నుంచి చేసే రోబో శాండు వాడటం పొదుపు మాట మాత్రమే కాదు, ఊరి నీటిని కాపాడే పని.

కప్పు, నేల

ఎండ నిటారుగా పడే ప్రాంతంలో ఇంటి వేడి ప్రధానంగా కప్పు నుంచే దిగుతుంది. ఫిల్లర్ స్లాబులో బరువు మోయని కింది భాగపు కాంక్రీటు బదులు మంగుళూరు పెంకుల వంటివి పెడతారు. సిమెంటు, ఉక్కు మిగులుతాయి, పెంకుల మధ్య గాలి వేడిని కొంత ఆపుతుంది. వాస్తుశిల్పి లారీ బేకర్ ఈ పద్ధతికి దేశంలో ప్రాచుర్యం తెచ్చారు. స్లాబు మీద సున్నం, ఇటుక ముక్కల గచ్చు వేసి, పైన తెల్ల పెంకుముక్కలు పరిస్తే ఎండ వెనక్కి మళ్లుతుంది. ఏటా వేసే తెల్లసున్నం అన్నిటికన్నా చౌక. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. అంతకంటే పొడి ఎండ కాసే అనంతపురం మెట్టకు అలాంటి విధానం మరింత అవసరం.

చౌకగా దొరికే ఆస్‌బెస్టాస్ రేకులకు ఇక్కడ చోటు ఉండకూడదు. ఆ నారపొడి క్యాన్సరు కారకం. ఐరోపా సమాఖ్య 2005 నుంచి దాన్ని నిషేధించింది. పైగా ఎండలో రేకుల కింద ఉండలేం.

నేలకు తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్లు సరిపోతాయి. కాల్చే పని లేదు, పాదానికి చల్లగా ఉంటాయి, ఊడదీసి మరో ఇంట్లో పరచుకోవచ్చు. దూరం నుంచి వచ్చే, కొలిమిలో కాల్చిన పలకల కన్నా అవి అన్ని విధాలా ముందుంటాయి.

ఉక్కు, కలప, రంగులు

ఉక్కు కిలోకు 42 మెగాజౌళ్లు, అల్యూమినియం కిలోకు సుమారు 237 మెగాజౌళ్లు తింటాయని వెంకటరామ రెడ్డి, జగదీశ్‌ల అధ్యయనం లెక్కకట్టింది. ఒకటి రెండు అంతస్తుల ఇంటికి స్తంభాలు మాని, గోడ మీదే బరువు మోయించడం ఉక్కును తగ్గించే సూటి మార్గం. భూకంప భద్రతకు లింటెలు పట్టీ మాత్రం తప్పదు. అల్యూమినియం కిటికీలకు బదులు పాత మిద్దెల తలుపులు, ద్వారబంధాలు, దూలాలు చెద పరీక్ష చేసి వాడుకోవచ్చు. లోపలి రంగులకు సున్నం చాలు. ఎమల్షను వేసేచోట బాష్పశీల రసాయనాలు తక్కువని ధ్రువీకరించిన డబ్బానే కొనాలి. ప్లైవుడ్డులో ఫార్మాల్డిహైడు హద్దు చూడాలి.

హైదరాబాదు ఉదాహరణ

తెలుగు నేల మీద ఈ రంగంలో తొలి మైలురాయి హైదరాబాదులోని సీఐఐ–సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. నిర్మిత విస్తీర్ణం సుమారు 20,000 చదరపు అడుగులు. 2003లో లీడ్ ప్లాటినం పొంది, అమెరికా వెలుపల ఆ మెట్టు అందుకున్న మొదటి భవనమైంది. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. సామగ్రిలో బూడిద, పగిలిన గాజు, పెంకుముక్కలు, క్వారీ పొడి, చెరకు పిప్పి వంటివి ఉన్నాయి. ఇతర నిర్మాణాల నుంచి తెచ్చిన తలుపులు, బండలు, ఉక్కు తుక్కు కూడా వాడారు. వ్యర్థాలు, పాత సామగ్రి వాడి కూడా అత్యున్నత గుర్తింపు సాధ్యమని ఇది నిరూపించింది.

లెక్కలోని లోపం

చాలా రేటింగుల్లో సామగ్రి శాతాన్ని ధర మీద లెక్కిస్తారు, కూలిని కలపరు. దీనివల్ల పల్లె సామగ్రికి అన్యాయం జరుగుతుంది. ఊహాత్మకంగా, 20 లక్షల సామగ్రి బిల్లులో రాతి, మట్టి గోడల విలువ 2 లక్షలే అనుకుందాం. బరువులో సగానికి మించిన ఆ గోడలు లెక్కలో 10 శాతమే అవుతాయి. విలువంతా రాయి కొట్టిన చేతుల కూలిలో ఉంది, అది లెక్కకు రాదు. ముద్ర ఉన్న ఖరీదైన అద్దం మాత్రం ఎక్కువ శాతం తెస్తుంది. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పరిమాణాన్ని బట్టి లెక్కించే ఎడ్జ్ పద్ధతి గానీ లీడ్‌లోని మొత్తం భవన జీవితచక్ర అంచనా గానీ ఎంచుకోవడం. రెండు, పాత సామగ్రికి కొన్న ధర, కొత్తదాని ధరల్లో ఎక్కువైనదాన్ని చూపే సౌలభ్యాన్ని వాడుకోవడం.

పత్రాల సమస్య మరొకటి. క్వారీ రసీదు, లారీ దూరం, బ్లాకుల బల పరీక్ష, మట్టి పరీక్ష, ఫొటోలు మొదటి రోజు నుంచే దాచాలి. పని పూర్తయ్యాక వెతికితే పల్లె సామగ్రికి ఆధారం దొరకదు.

అంచనా

బెళుగుప్ప వంటి చోట సామగ్రి ఎంపిక వరుస ఇలా ఉండాలి: ముందు ఉన్న కట్టడాన్ని బాగుచేయడం, తర్వాత పాత సామగ్రి, ఆపైన రాయి, ఎర్రమట్టి, సున్నం, నాపరాయి, వాటితో కాని పనికి స్లాగు, బూడిద సిమెంటు, చివరగా దూరపు కర్మాగార వస్తువులు. ఈ వరుస పాటించిన ఇల్లు పత్రం తీసుకోకపోయినా హరిత భవనమే. ఇది తప్పిన భవనానికి గోడ మీద ఫలకం ఉన్నా ఈ నేలకు మేలు లేదు. మండలంలో కట్టే ప్రతి కొత్త బడి, ఆసుపత్రి, హాస్టలుకు అంచనాలు వేసే ఇంజనీర్లు ధరల పట్టికతో పాటు నీరు, దూరం, అంతర్నిహిత శక్తి లెక్కలను కూడా ముందు పెట్టుకోవాలి. రాయి కొట్టే, సున్నం నూరే చేతులకు న్యాయమైన కూలి ఇచ్చి ఆ పనిని నిలబెట్టాలి.